కంప్యూటరు ఉచ్చారణ నేర్పగలదా?

ఇంగ్లీషు చదివి అర్థము చేసుకొనగలిగియు, తప్పులేకుండ వ్రాయగలిగియు, నలుగురిలో పలుకుటకు జంకువారు పెక్కుమంది కలరు. గోదావరి డెల్టాలోని పల్లెలలో తెలుగు మాధ్యమమున చదివి ఇంజనీరింగు కళాశాలలో చేరిన విద్యార్థికి ఈ జంకు మరింత హెచ్చు. ఉద్యోగమునకై జరుగు ఇంటర్వ్యూలో అతని విద్యకంటె ముందు అతని పలుకే వినబడును. ఈ కొరతను తీర్చుటకై కాకినాడ, రాజమహేంద్రవరము, భీమవరము మొదలగు పట్టణములలోని ఇంజనీరింగు కళాశాలలలో ఇంగ్లీషు భాషా ప్రయోగశాలలు ఏర్పడినవి. 2008లో కాకినాడ జె.ఎన్.టి.యు. ప్రత్యేక విశ్వవిద్యాలయమైన తరువాతను ఈ ప్రయోగశాల పాఠ్యప్రణాళికలో కొనసాగినది. అచ్చట కంప్యూటరు ముందు కూర్చుండి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని, విద్యార్థి ఉచ్చారణ నేర్చుకొనును. ఈ సాధనము ఎంతవరకు పనికివచ్చుచున్నది, ఎక్కడ విఫలమగుచున్నది అను ప్రశ్న ఉపాధ్యాయులందరు ఆలోచింపదగినది.

యంత్రము చేయు మేలు

ఉచ్చారణకు ముందుగా ఒక నమూనా కావలెను. ఇరువదవ శతాబ్దారంభమున రాజమహేంద్రవరపు ఆర్ట్సు కళాశాలలో ప్రిన్సిపాలుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే వంటి ఆంగ్లేయుల మాటయే ఆనాటి విద్యార్థులకు నమూనా. తరువాత గ్రామఫోను రికార్డులు, టేపురికార్డరులు వచ్చినవి. అవి వినిపించునే గాని వినజాలవు. కంప్యూటరు తెచ్చిన క్రొత్తదనము ఇదియే: అది విద్యార్థి పలుకును తానును వినును.

వయోజనులకు ఇది గొప్ప సౌకర్యము. పసిబిడ్డకు తప్పు పలుకుటలో సిగ్గు లేదు. ఇరువది ఏండ్ల యువకునికి కలదు. యంత్రము విసుగుకొనదు, నవ్వదు, ఒకే మాటను నూరుసార్లు చెప్పుమన్నను చెప్పును. అరువదిమంది గల తరగతిలో ఉపాధ్యాయుడు ఒక్కొక్కరికి ఇంత కాలము కేటాయింపలేడు. ఇంతవరకు యంత్రమును మెచ్చుకొనవలసినదే.

యంత్రము వినెడి తీరు

అయితే యంత్రము వినుట మనుష్యుడు వినుట వంటిది కాదు. మైక్రోఫోనులో పడిన ధ్వని ముందుగా అంకెలుగా మారును. సెకనులో నూరవవంతు చొప్పున ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కలో ఏ పౌనఃపున్యము ఎంత బలముగా నున్నదో కంప్యూటరు లెక్కించును. అట్టి లెక్కలు వేలాది మంది పలుకుల నుండి ముందే సేకరించి యుంచబడినవి. విద్యార్థి ధ్వని వానికి ఎంత దగ్గరగా నున్నచో అన్ని మార్కులు పడును. అనగా యంత్రము కొలుచునది దూరమును మాత్రమే. ఆ దూరమునకు కారణమేమో, దానిని తగ్గించుటకు నాలుకను ఎటు కదల్పవలెనో మార్కు చెప్పదు.

ఇందు మరియొక చిక్కు కలదు. తెలుగు మాటలు సాధారణముగా అచ్చుతో ముగియును. అందువలన 'బస్' 'బస్సు' అగును, 'పెన్' 'పెన్ను' అగును. ఇట్లు చివర చేరెడి ఉకారమే తెలుగువాని ఇంగ్లీషులో తరచుగా వినవచ్చు దోషము. మార్కులు వేయు పద్ధతులలో ప్రసిద్ధమైన ఒకదానిలో, ఏ మాట పలుకవలెనో ఆ మాటలోని ధ్వనుల పట్టిక యంత్రమునకు ముందే ఈయబడును. అది ఆ ధ్వనులను వరుసగా సరిచూచును. హాజరుపట్టీ పిలుచు ఉపాధ్యాయునితో దీనిని పోల్చవచ్చును. పట్టీలో పేరున్న పిల్లవాడు రానిచో తెలియును. పేరు లేని పిల్లవాడు వచ్చి వెనుక బల్లపై కూర్చుండినచో పట్టీ వలన తెలియదు. 'బస్సు'లోని ఉకారము పట్టీలో లేని పిల్లవాడు. యంత్రము దానిని ప్రక్క ధ్వనిలో కలిపివేసి, 'స' సరిగా లేదని మార్కు తగ్గించవచ్చును. విద్యార్థి సరిగనే యున్న సకారమును దిద్దుకొనుటకు శ్రమపడును.

జె.ఎన్.టి.యు. పాఠ్యప్రణాళికలు సూచించిన సాఫ్ట్‌వేరులలో 'క్లారిటీ ప్రొనన్సియేషన్ పవర్' ఒకటి. నోటి లోపలి భాగమును ప్రక్కనుండి, పెదవులను ముందునుండి కదలు బొమ్మలలో చూపుట దానిలోని మంచి గుణము. కాని బోధకుని ధ్వని తరంగమును, విద్యార్థి ధ్వని తరంగమును బొమ్మలుగా గీచి పోల్చుకొమ్మనుట అంత ప్రయోజనకరము కాదు. ఒకే మనిషి ఒకే మాటను రెండుసార్లు పలికినను ఆ బొమ్మలు ఒకటిగా నుండవు. రెండును సరియైన ఉచ్చారణలే కావచ్చును.

ఇంతేకాక, దానిలోని స్వరము ఉత్తర అమెరికావారిది. అవే ప్రణాళికలలో పేర్కొనబడిన టి. బాలసుబ్రహ్మణ్యన్ ధ్వనిశాస్త్ర గ్రంథము (1981) బ్రిటిషు ఉచ్చారణను ఆధారము చేసికొన్నది. 'కార్' చివరి రేఫమును పుస్తకము వదలుమనును, యంత్రము పలుకుమనును. ఏది ఒప్పో తెలియక తికమకపడినచో అది విద్యార్థి లోపము కాదు.

యంత్రమునకు తెలియని తెలుగు నోరు

విదేశములలో అందరికొరకు తయారైన సాఫ్ట్‌వేరుకు తెలుగు తెలియదు. విద్యార్థికి అక్కరకు వచ్చు ధ్వనులు కొన్ని అతని నోటనే యున్న సంగతియు దానికి తెలియదు. 'చాప', 'చేప' అను మాటలను పలికి చూడవలెను. వ్రాతలో చకారము ఒక్కటే, పలుకులో రెండు. 'చాప'లో నాలుక కొన దంతములకు చేరువగా తగులును. 'జామ'లోని జకారమును అట్టిదే. ఆ జకారమునే నాలుక పూర్తిగా తాకకుండ సాగదీసినచో 'జీరో', 'జూ' అను ఇంగ్లీషు మాటల మొదటి ధ్వని వచ్చును. 'మేక', 'మేకు' అని వెంటవెంట పలికినచో మొదటిదానిలో నోరు కొంత ఎక్కువ తెరచుకొనుట తెలియును. ఆ అచ్చునే కురుచ చేసి, నోరు మరికొంత తెరచినచో 'క్యాట్'లోని అచ్చునకు చేరువగును.

మరియొక చిన్న ప్రయోగము. పలుచని కాగితపు ముక్కను పెదవుల ముందు పట్టుకొని 'పాలు' అనవలెను. కాగితము దాదాపు కదలదు. ఆంగ్లేయుడు 'పిన్' అన్నచో కాగితము ఎగురును. ఆ గాలి విసురు లేనిచో అతని చెవికి 'పిన్' 'బిన్'గా వినబడవచ్చును. ఇక 'వెస్ట్' అని వ్రాసినచో దిక్కో, లోపల తొడుగు బనియనో తెలుగు లిపి చెప్పజాలదు. దిక్కునకు పెదవులు గుండ్రముగా చుట్టవలెను; బనియనుకు పైపండ్లు క్రింది పెదవిని తాకవలెను. ఒక అద్దము, ఒక కాగితపు ముక్క, తెలుగు ధ్వనులనెరిగిన ఉపాధ్యాయుడు ఉన్నచో ఇవి పది నిమిషముల పాఠములు.

ఏది ముఖ్యము?

అన్ని దోషములును సమానములు కావు. హైదరాబాదులోని కేంద్ర ఆంగ్ల భాషా సంస్థ 1969లో ఆర్.కె. బన్సల్ పరిశోధనను ప్రచురించినది. భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు అర్థము కాకపోవుటకు మాటలోని ఊనిక తప్పుచోట పడుట ముఖ్య కారణములలో ఒకటియని అందు తేలినది. 'ఫొటోగ్రాఫ్'లో ఊనిక మొదటి భాగముపై పడును. 'ఫొటోగ్రఫీ'లో రెండవదానిపై పడును. తెలుగులో ఊనిక మారినందున మాటకు అర్థము మారదు గనుక తెలుగు చెవి దానిని పట్టించుకొనదు. దీనికి ఎంతో అభ్యాసము కావలెను. 'థింక్'లోని మొదటి ధ్వని విషయము వేరు. జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో ప్రచురించిన గ్రంథములో, వివిధ దేశములవారు ఇంగ్లీషులో మాటలాడుకొనునపుడు ఆ ధ్వని భేదము అర్థమునకు అంతగా అడ్డుపడదని చూపినది. దూరమును మాత్రమే కొలుచు యంత్రము అడ్డుపడు దోషమును, అడ్డుపడని యాసను ఒకే ఎర్రరంగుతో చూపును.

ఇక్కడనే నిజమైన ప్రమాదమున్నది. తెరపై నలువది మార్కులు చూచిన విద్యార్థి, తన మాట లోకమునకు అర్థము కాదని తలచి నోరు మూసికొనవచ్చును. జంకు పోగొట్టుటకు తెచ్చిన సాధనము జంకును పెంచరాదు.

కావున ప్రయోగశాలలో యంత్రమును అభ్యాసమునకు వాడవలెను గాని, తీర్పునకు కాదు. దోషమేదో ఉపాధ్యాయుడు కనిపెట్టి, తెలుగు మాటతో దారి చూపి, ఆ పిమ్మట నూరుసార్లు పలికించు పనిని యంత్రమునకు అప్పగించవలెను. చివరి పరీక్ష మాత్రము మనుష్యుని చెవికే విడువవలెను. ఒక విద్యార్థి చదివిన పది వాక్యములను, పుస్తకము చూడని మరియొకడు విని వ్రాయవలెను. వ్రాసినది సరిపోయినచో ఆ ఉచ్చారణ నెగ్గినట్లే.