జూలై రూపాయి, మార్చి రూపాయి

అద్దంకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఒంగోలుకో గుంటూరుకో విజయవాడకో చదువుకు వెళ్ళిన పిల్లల ఖర్చుల మాట వస్తే చాలు, పెద్దలంతా టీలు, సినిమాలు, బిర్యానీల మీద పడతారు. అవన్నీ మానేసినా మిగిలేది కొంతే. అసలు నష్టం ఎక్కడుందో తెలియాలంటే క్యాలెండరు చూడాలి.

మన దగ్గర పత్తి తీతలు దసరా ముందూ వెనకా మొదలవుతాయి. మిరపకాయ కల్లంలో ఎండి, గోనె టిక్కీలకెక్కి, గుంటూరు యార్డు చేరి డబ్బయ్యేసరికి ఫిబ్రవరి, మార్చి. కాలేజీ ఫీజు, హాస్టల్ అడ్వాన్సు, పుస్తకాలు మాత్రం జూన్, జూలైల్లోనే వచ్చి కూర్చుంటాయి. సరిగ్గా దుక్కికీ విత్తనాలకూ పెట్టుబడి కావలసిన రోజులవి. ఇంట్లో ఉండదు కాబట్టి ఎరువుల కొట్లోనో కమీషన్ వ్యాపారి దగ్గరో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. జూలైలో తెచ్చిన 10,000కు నెలకు 200 చొప్పున మార్చి నాటికి 1,600 వడ్డీ. అంటే జూలైలో పిల్లాడు వంద పెట్టి కొన్న వస్తువు నాన్నకు 116 పడింది. మార్చిలో కొంటే వందే. జీతంలో ఇంత శాతం తిండికి, ఇంత శాతం దాచుకోవడానికి అనే సూత్రాలు ఒకటో తారీఖు జీతమొచ్చే ఇళ్ళకు బాగుంటాయి. ఏడాదికోసారి డబ్బు చూసే ఇంటికి అవి అతకవు.

ఫీజు గడువుకు చేతిలో పైసా లేకపోవడం ఈ ప్రాంతానికి పాత సంగతే. టంగుటూరి ప్రకాశం గారి చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మ గారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ప్రకాశం వారాలు చేసుకుని చదివారు. పరీక్షకు మూడు రూపాయల ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు, బావగారిని అడుగుదామని రోజంతా ప్రయాణం చేసి అద్దంకే వచ్చారు. ఇక్కడా దొరకలేదు. చివరికి తల్లి పట్టుచీర తాకట్టు పెడితే ఫీజు కట్టారు. ఈ కథ చెప్పి పిల్లల్ని కష్టపడమనడం సభల్లో మామూలే. నాకు మాత్రం ఇందులో ఆ ఇంటి లెక్క కనిపిస్తుంది. వారాలతో తిండి ఖర్చు అప్పటికే అడుగంటింది, ఇక తగ్గించడానికి ఏమీ లేదు. వాళ్ళను ఇరికించింది ఒక తేదీ.

నేను పద్దు రాసేటప్పుడు తేదీ, వివరం, మొత్తం అయ్యాక ఇంకో గడి గీస్తాను. అది ఇంట్లో ఉన్న డబ్బా, అప్పు తెచ్చిందా, అప్పయితే ఎంత వడ్డీకి అన్నది అందులో రాస్తాను. మా తమ్ముడి కొడుకు ఒంగోలులో రూము తీసుకున్నప్పుడు వాడికీ ఇదే చెప్పాను. "టీకి కూడా వడ్డీ కట్టాలా పెదనాన్నా!" అని నవ్వాడు. కట్టమన్నాను. మొదటి సెమిస్టరు అయ్యేసరికి వాడే పుస్తకాలు కొనే నెల మార్చుకున్నాడు. సీనియర్లు పరీక్షలు రాసేసి పుస్తకాలు వదిలించుకునేది ఎండాకాలంలో. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో బేరం సాగేదీ కొత్త బ్యాచ్‌లు ఎగబడక ముందే. ఫోను రీచార్జి కూడా అంతే. 28 రోజుల ప్లాను వేసుకుంటూ పోతే ఏడాదిలో పదమూడు సార్లు వేయాలి. పంట డబ్బు చేతిలో ఉన్నప్పుడే ఏడాది ప్లాను వేసేస్తే సరి.

నిజానికి చేతిలో ఉన్నప్పుడే ఏడాదికి సర్దుకోవడం మన ఇళ్ళలో ఆడవాళ్ళకు కొత్తేం కాదు. కొత్తకాయ దిగగానే ఏడాదికి సరిపడా కారం కొట్టిస్తారు, చింతపండు గింజ తీసి దాస్తారు, కందులు పప్పు చేయిస్తారు. రూములో ఉండే పిల్లలకూ ఆ పద్ధతే పనికొస్తుంది. అద్దంకి బ్రాంచి కాలువ కింద పండిన ఇంటి బియ్యం మూట రూముకు చేరితే, కుక్కర్లో అన్నం వండుకుని, పచ్చడి ఇంటిది, కూర మాత్రం కర్రీ పాయింట్ నుంచి. నలుగురు కలిస్తే మెస్ బిల్లు కంటే తక్కువే. అంట్లు ఎవరు తోమాలన్నదే అక్కడ అసలు పేచీ.

ఫోన్‌పే వచ్చాక ఒక చిక్కు పెరిగింది. మనియార్డరు రోజుల్లో నెలకోసారి వచ్చేది, దాంతోనే లాగాలి. ఇప్పుడు "నాన్నా, రెండొందలు కొట్టు" అంటే క్షణంలో పడిపోతుంది. అలా వారానికి మూడుసార్లు అడిగిన రెండొందలు ఏ పద్దులోనూ ఎక్కవు. నాన్న మాత్రం కొట్లో తన పేరిట రాయించుకుంటాడు.

ఈ లెక్కంతా మార్చిలో డబ్బొస్తుందన్న నమ్మకం మీద నడుస్తుంది. 2025 మొదట్లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది సరుకు కోల్డ్ స్టోరేజీలో పడుంటుంది, పాత అప్పు మీద కొత్త ఫీజు వచ్చి పడుతుంది. పుస్తకాల దగ్గర మిగిల్చిన వెయ్యి రూపాయలు దీనికి ఏ మూలకూ చాలవు. అందుకే పెద్ద మొత్తాన్ని కొట్టు నుంచి బ్యాంకుకు మార్చాలి. నాలుగు లక్షల దాకా విద్యాలోనుకు తాకట్టు అడగకూడదు. చదువయ్యాక ఏడాది దాకా వాయిదాలుండవు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది, అయినా కొట్లో వడ్డీలో సగం దాకా కూడా ఉండదు. మన తండ్రులు చాలామంది బ్యాంకు మెట్లెక్కేది పంట రుణానికో బంగారం కుదువకో తప్ప దీనికి కాదు. అడ్మిషన్ కాగితం చేతికొచ్చిన వారంలోనే, విత్తనాల కోసం ఆయన కొట్టుకు బయల్దేరక ముందే, పిల్లలే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాలి.