గీతలో ఉంది ముగ్గు గొప్పతనం

డిసెంబరు 16 ప్రాంతంలో నెలగంట పెట్టిన నాటి నుంచి సంక్రాంతి వెళ్లేదాకా మన వాకిళ్లు తెల్లవారకముందే మేలుకుంటాయి. హరిదాసు వీధిలోకి వచ్చేసరికి ముగ్గు సిద్ధంగా ఉండాలి. తలమీద అక్షయపాత్రతో, చిడతలు వాయిస్తూ ఆయన వాకిట నిలబడితే పిల్లలు గుప్పెళ్లతో బియ్యం తెచ్చి అందులో పోస్తారు. ఈ నెల రోజుల కళలన్నిటికీ వేదిక వాకిలే. దాన్ని రోజూ కొత్తగా సిద్ధం చేసేది ఇంటి ఆడవాళ్లు.

ముగ్గు పని కళ్లాపితోనే మొదలవుతుంది. పేడనీళ్లు దుమ్మును అణచి నేలకు ముదురు రంగు తెస్తాయి. ఆ రంగు మీదే తెల్లగీత తేటగా కనిపిస్తుంది. చల్లిన వెంటనే వేస్తే పిండి తడిసి మాసిపోతుంది, పూర్తిగా ఆరనిస్తే గాలికి లేచిపోతుంది. నేల పదునుగా ఉన్నప్పుడే చెయ్యి పెట్టాలి. ముగ్గురాయి పిండి బరువుగా జారి గీతను ఒత్తుగా నిలుపుతుంది. అందులో కాస్త బియ్యప్పిండి కలిపితే చీమలకూ పిచ్చుకలకూ ఇంత తిండి.

చెయ్యి తిరిగినవాళ్లు వేస్తుంటే దగ్గర కూర్చుని చూడాలి. గుప్పిట్లో పిండి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నని ధార. చెయ్యి ఆగితే అక్కడ పిండి కుప్పపడుతుంది, తొందరపడితే గీత తెగుతుంది. నడుం వంచి, చెయ్యి నేలకు ఆనకుండా భుజం నుంచి కదిలిస్తారు. పిండి అయిపోయే చోటు ముందే పసిగట్టి, ఏదో ఒక మలుపులో ఆపి మళ్లీ అందుకుంటారు. అతుకు ఎక్కడుందో మనం వెతికినా దొరకదు.

ఇక చుక్కల లెక్క. 7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు అంటే ముందు మధ్యలో 7 చుక్కల వరుస పెట్టాలి. దానికి పైనా కిందా, రెండేసి చుక్కల సందులో ఒక్కొక్కటి చొప్పున 6, 5, 4 పెట్టుకుంటూ పోవాలి. మొత్తం 37 చుక్కలు. ఆరు రేకుల పువ్వులూ ఆరు మూలల నక్షత్రాలూ ఇందులోంచే వస్తాయి. అదే ఎదురు చుక్క అయితే 7, 5, 3, 1గా తగ్గుతుంది. 25 చుక్కలతో నాలుగు మూలల ముగ్గు తయారవుతుంది. మెలికల ముగ్గు వీటికన్నా కష్టం. గీత ఏ చుక్కనూ తాకకుండా అన్నిటినీ చుట్టి, బయలుదేరిన చోటికే రావాలి. ఒక్క మలుపు తప్పితే మొత్తం చెరపాల్సిందే. తమిళుల కోలంలోనూ ఇదే పద్ధతి ఉంది. గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ అనే పరిశోధకులు 1974లో ఆ కోలాలను గణిత వ్యాకరణంగా విశ్లేషించి పరిశోధనపత్రం ప్రచురించారు. కాగితం మీద అంత శ్రమ అడిగే లెక్కను బడి ముఖం చూడని స్త్రీలు కూడా జ్ఞాపకంలో పెట్టుకుని తరతరాలుగా కూతుళ్లకు అప్పగిస్తూ వచ్చారు.

ముగ్గు మధ్యలో గొబ్బెమ్మలు పెడతారు. పేడముద్దలకు పసుపు కుంకుమ అద్ది, గుమ్మడిపూలు గుచ్చుతారు. సాయంత్రం ఆడపిల్లలు వాటి చుట్టూ తిరుగుతూ పాడతారు. మర్నాడు ఆ ముద్దలే గోడకెక్కి పిడకలవుతాయి. రథసప్తమికి పరమాన్నం వండేది వాటి మీదే. పండుగ చివర వేసే రథం ముగ్గుకు తాడు గీసి, పక్కింటి రథం దాకా లాగుతారు. అలా వీధంతా ఒక్క గీత. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముగ్గు ఇదే.

ఇప్పుడు ఊరూరా ముగ్గుల పోటీలు జరుగుతున్నాయి. అది మంచిదే. అయితే చాలాచోట్ల బహుమతి రంగులకే వెళ్తోంది. సుద్దముక్కతో బొమ్మ గీసి, రంగుపొడులు నింపి, మీద శుభాకాంక్షలు రాస్తే గెలుపు. పక్కనే మెలికలు తిప్పిన తెల్లముగ్గు వైపు న్యాయనిర్ణేతలు చూడనైనా చూడరు. రంగుల మీద నాకు కోపం లేదు. కానీ గీతకు విలువ లేనిచోట ఆ గీత నేర్చుకునేందుకు పిల్లలు ఎందుకు ముందుకొస్తారు?

ఈసారి మీ ఊళ్లో, మీ అపార్ట్‌మెంటులో పోటీ పెడితే చుక్కల ముగ్గుకు ఒకటి, మెలికల ముగ్గుకు ఒకటి వేరే బహుమతులు పెట్టండి. వేసేవాళ్లకు తెల్లపిండి తప్ప మరేదీ ఇవ్వకండి. న్యాయనిర్ణేతగా వీధిలో ముగ్గు బాగా తెలిసిన పెద్దావిడను కూర్చోబెట్టండి.