మరణ విధులు రద్దు!

1985 మార్చి 16. ఆర్థికమంత్రి వీపీ సింగ్ బడ్జెట్ పెట్టిన రోజు. అప్పట్లో కేంద్ర బడ్జెట్ సాయంత్రం ఐదింటికి చదివేవారు. ఢిల్లీలో ఆర్థికమంత్రి పని ముగించుకుని ఇంటికి వెళ్లే వేళకి తెలుగు పత్రికల్లో మా బోంట్ల పని మొదలయ్యేది. టెలీప్రింటర్ కటకటమంటూ కాగితం కక్కుతూనే ఉండేది. అటెండరు దాన్ని స్కేలు పెట్టి చించి, తలా ఒక టేకు మా బల్లల మీద పడేసి పోయేవాడు. నేను డెస్కులో చేరి అప్పటికి ఆరు నెలలు. ఇంగ్లీషు వచ్చుననీ తెలుగు ఇంకా బాగా వచ్చుననీ నమ్మకం బలంగా ఉన్న రోజులు.

నాకు వచ్చిన టేకులో డెత్ డ్యూటీ ఎత్తేశారని ఉంది. డ్యూటీ అంటే విధి. డెత్ అంటే మరణం. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ‘మరణ విధులు రద్దు’ అని శీర్షిక పెట్టి, కింద నాలుగు పేరాలు రాసి పంపించాను.

అయిదు నిమిషాల్లో షిఫ్టు ఇన్‌ఛార్జి గారి గొంతు హాలంతా వినపడింది.

“ఏమయ్యా, రేపట్నుంచి దినవారాలు చెయ్యక్కర్లేదా? పదోరోజూ పదకొండోరోజూ అన్నీ వీపీ సింగ్ ఎత్తేశాడా?”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే. ఆయన నన్ను పక్కన కూచోబెట్టుకుని చెప్పారు. అది చనిపోయినవాళ్లు వదిలి వెళ్లిన ఆస్తి మీద వేసే పన్ను, 1953 నాటి చట్టం, అసలు పేరు ఎస్టేట్ డ్యూటీ. 20 లక్షలు దాటిన ఆస్తి మీద పై రేటు 85 శాతం దాకా ఉండేది. కాగితం మీద అంత భయంకరంగా కనపడే పన్ను ఏడాదికి తెచ్చేది మాత్రం ఇరవై కోట్ల చిల్లర. దాన్ని రాబట్టడానికి పెట్టే ఖర్చు చూసుకుంటే గిట్టుబాటు కాదని ఎత్తేశారు. ఆయన నా శీర్షికని కొట్టేసి ‘ఎస్టేట్ సుంకం రద్దు’ అని రాసి ఒక సూత్రం చెప్పారు.

“డ్యూటీ అన్న మాట ఎక్కడ కనపడినా నిఘంటువు తియ్యకు. ముందు కదిలేది ఏమిటో చూడు. డబ్బు కదిలితే సుంకం. మనిషి కదిలితే విధి.”

ముప్పై ఏళ్లు డెస్కు మీద ఆ సూత్రం నన్ను కాపాడింది. దిగుమతుల మీదైతే సుంకం. కానిస్టేబుల్ పక్కనుంటే విధి నిర్వహణ. లాయర్లయితే విధుల బహిష్కరణ, ఉద్యోగులయితే విధులకు గైర్హాజరు. చెయ్యి దానంతటదే రాసేది. అయితే ఓ రాత్రి ప్రమాదం వార్త దిద్దుతూ నేనే రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘విధులు ముగించుకుని ఇంటికి వస్తుండగా విధి వక్రించి’ అని ఉంది. ఒకే వాక్యంలో ఒకే మాట. బహువచనంలో ఉన్నప్పుడు అది ఉద్యోగం, జీతం వస్తుంది. ఏకవచనం అయ్యేసరికి తలరాత, లారీ రూపంలో వస్తుంది.

అక్కడినుంచి ఈ మాట వెంట పడ్డాను. విధి అంటే పైనుంచి ఏర్పాటు చేసినది. ఏర్పాటు చేసేవాడు విధాత. అందుకే మన పత్రికా భాషలో పన్ను విధిస్తారు, శిక్ష విధిస్తారు, నిషేధాజ్ఞలు విధిస్తారు, కర్ఫ్యూ విధిస్తారు. అన్నీ పైనుంచి కిందికి పడేవే. డబ్బూ మనిషీ వేరువేరని ఇన్‌ఛార్జి గారు విడదీశారు గానీ, ‘సుంకం విధించారు’ అన్నప్పుడు క్రియాపదంలో అవి రెండూ మళ్లీ కలిసిపోతున్నాయి.

ఇంగ్లీషు మాట చూపు వేరు. దాని మూలం లాటిన్‌లో బాకీ పడటం అనే క్రియ. డెట్, డెబిట్, డ్యూ, డ్యూటీ అన్నీ ఆ ఒక్క తల్లి పిల్లలే. రాజుకు బాకీ పడ్డ డబ్బు డ్యూటీయే, తల్లిదండ్రులకు బాకీ పడ్డ సేవా డ్యూటీయే. అంటే ఇంగ్లీషువాడు ఇచ్చేవాడి పక్కన నిలబడి ఆ మాట అన్నాడు. మనం విధించేవాడి పక్కన నిలబడి అన్నాం. ఇచ్చేవాడి వైపు నుంచి చూసిన మాట మనకీ లేకపోలేదు. రుణం తీర్చుకోవడం అంటాం. దేవతలకీ, రుషులకీ, పితృదేవతలకీ మనిషి మూడు రుణాలతో పుడతాడని వేదకాలం నాటి మాట. కాకపోతే ఆ మాటని మంచి పనులకే దాచుకున్నాం. ఎక్సైజు ఆఫీసుకెళ్లి రుణం తీర్చుకుని వచ్చానని ఎవరూ అనరు.

ఇక డబ్బు కదిలే వైపు చూద్దాం. సంస్కృతంలో శుల్కం, మన నోట పడి సుంకం అయింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఊరి ద్వారం దగ్గర శుల్కాధ్యక్షుడు కాపు కాసి ఉంటాడు. అదే శుల్కం పెళ్లికూతురికి కట్టిన వెల కూడా. గురజాడ నాటకం పేరు పలికినప్పుడల్లా మనం ‘పిల్లమీద సుంకం’ అంటున్నామని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. వసూలు చేసేవాడు సుంకరి. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అని సామెత. చెప్పుకుంటే ఏమవుతుందో చెక్‌పోస్టు దగ్గర లారీ ఆపిన ఏ డ్రైవరునడిగినా చెబుతాడు. ఇంగ్లీషులో కస్టమ్ అంటే ఆనవాయితీ. ఆనవాయితీగా వసూలు చేసేది కనక కస్టమ్స్ అయింది. మన ‘మామూలు’కీ అసలు అర్థం ఆనవాయితీయే. అక్కడ ఆనవాయితీ ప్రభుత్వ శాఖగా ఎదిగింది, ఇక్కడ బల్లకిందికి దిగింది.

సుఖదుఃఖాలు విన్న సుంకరి అసలు లేడా అంటే, ఒకడు ఉన్నాడు. ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున మోటుపల్లి అనే ఊరుంది. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244-45 ప్రాంతంలో గణపతిదేవుడు అక్కడ ఒక అభయశాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అదంతా రాజుదే. ప్రాణంకన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద వచ్చే వర్తకుల్ని అలా దోచుకోవద్దనీ, ఇక నుంచి నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టుకోననీ ఆయన రాతి మీద రాయించాడు. ఎగుమతులకీ దిగుమతులకీ సుంకం ముప్పయ్యో వంతు. నూటికి మూడుంబావు పైచిలుకు.

నాకు ఆ శాసనంలో నచ్చింది రేటు ఒక్కటే కాదు. వర్తకుడు రాజుకి కట్టాల్సినది ఎంతో చెప్పిన రాయి మీదే, రాజు వర్తకుడికి చెయ్యకూడనిది కూడా చెక్కి ఉంది. ఒకే రాతి మీద రెండు వైపుల బాకీ.

మన రాజ్యాంగంలో పన్నూ విధీ కలవబోయి తప్పిపోయాయి. 1976లో 42వ సవరణతో ప్రాథమిక విధులు చేర్చారు. దానికి ముందు స్వరణ్ సింగ్ కమిటీ చేసిన సిఫార్సుల్లో పన్నులు కట్టడం కూడా ఒక విధి. తీరా సవరణలో పది విధులు వచ్చాయి గానీ అది రాలేదు. 2002లో పదకొండోది కలిపారు, అప్పుడూ రాలేదు. జెండాని గౌరవించడం, అడవుల్ని కాపాడటం విధులు. పన్ను మాత్రం విధుల్లో లేదు, విధించడంలోనే ఉంది.

జనం ఈ గొడవలేవీ పెట్టుకోలేదు. డ్యూటీ అనే మాటని తెచ్చుకుని శుభ్రంగా బస్సులా వాడుకుంటున్నారు. డ్యూటీ ఎక్కుతారు, డ్యూటీ దిగుతారు. మా ఎదురింటి ఆర్టీసీ కండక్టరు డబుల్ డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతుంటే వీధిలో పిల్లలు క్రికెట్ ఆపేసేవారు. నేను రిటైరయ్యాక మా అబ్బాయి దగ్గరికి వెళ్తూ శంషాబాద్ విమానాశ్రయంలో నిలబడితే, మా ఆవిడ డ్యూటీ ఫ్రీ బోర్డు చూపించి “మీకు కొత్త పేరు పెట్టారండీ” అంది.

ఇంకా ఉద్యోగంలో ఉండగా, అన్ని అర్థాలూ తెలిసిపోయాయనుకుంటున్న రోజుల్లో మా బావ వచ్చి నా నెత్తిన ఇంకొకటి పెట్టాడు. ఇరిగేషన్‌లో డిప్యూటీ ఇంజినీరుగా రిటైరైనవాడు. మా పేపరు మడిచి పట్టుకుని వచ్చి, “ఏం బావా, నీళ్లకి విధి ఏమిటి? కలెక్టరేమన్నా ఆర్డరు వేశాడా?” అన్నాడు. కాలువల మీద ఏదో నివేదికని అనువదిస్తూ మా కుర్రాడొకడు ‘నీటి విధి పెరిగింది’ అని రాశాడు. దాన్ని దిద్ది పంపింది నేనే. అక్కడ కదిలేది డబ్బూ కాదు, మనిషీ కాదు. నాకు డెస్కులో చేరిన కొత్తలో అందిన సూత్రంలో మూడో గడి లేదు.

బావ కాగితం తీసి లెక్క వేశాడు. ఒక క్యూసెక్కు నీరు పంటకాలం పొడవునా పారితే ఎన్ని ఎకరాలు పండుతాయో అది ఆ నీటి డ్యూటీ. లేదా ఒక టీఎంసీకి ఎన్ని ఎకరాలని అడుగుతారు. పది వేల ఎకరాలు తడపాలంటే ఆ టీఎంసీ పొలమంతా కలిపి రెండుంబావు అడుగుల లోతు నిలబడుతుంది. ఆ లోతు పేరు డెల్టా. వరికి అది చాలదు, ఆరుతడి పైర్లకి సరిపోతుంది. పన్నులో డ్యూటీ పెరిగితే జనం గోల పెడతారు. కాలువలో డ్యూటీ పెరిగితే ఇంజినీరు మీసం తిప్పుతాడు, అదే నీటితో ఎక్కువ పొలం పండించినట్టు కనక.

“ఇంకోటుంది బావా. ఈ లెక్క ఎక్కడ కడతావన్నది చూసుకోవాలి,” అన్నాడు. కాలువ తల దగ్గర కడితే డ్యూటీ తక్కువ వస్తుంది. చేను గట్టున కడితే ఎక్కువ వస్తుంది. దారిలో ఇంకిందీ ఆవిరైందీ పోగా, అందిన నీళ్లే అక్కడ లెక్కకొస్తాయి. “మేం హెడ్ రెగ్యులేటర్ దగ్గర గేటెత్తి డ్యూటీ అయిపోయిందనుకుంటాం. శివారు భూముల రైతు దగ్గర అసలు మొదలే కాదు.”

“మరి దీన్ని తెలుగులో ఏమనాలి?” అన్నాను.

“మేం డ్యూటీ అనే అంటాం. రైతులు ఆ లెక్క అడగరు. మా వంతు ఎప్పుడని అడుగుతారు.”

వంతు. ఇన్నేళ్లు నిఘంటువులు తిరగేసినవాడికి ఈ మాట తట్టలేదు. నీళ్ల దగ్గర నా వంతు అంటే నాకు రావాల్సినది. జాతర దగ్గర ఇంటికి వంతు ఎంత అంటే నేను కట్టాల్సినది. నా వంతు నేను చేశాను అంటే నేను చెయ్యాల్సినది. గణపతిదేవుడి సుంకం కూడా ముప్పయ్యో వంతే. విధించేవాడు లేడు, అప్పులవాడు లేడు. పక్కవాడు మాత్రం ఉంటాడు, వాడికీ ఒక వంతు ఉంటుంది కనక. అలాగని రేపు ‘కస్టమ్స్ వంతు పెంపు’ అని శీర్షిక పెట్టలేను. పెడితే ఇన్‌ఛార్జి గారు పైలోకం నుంచి కూడా అరుస్తారు.

మాది గోదావరి డెల్టాలో కాలువ చివర ఊరు. దాళ్వాలో గోదావరి సన్నబడితే వంతులవారీ నీళ్లు ఇచ్చేవారు. నాకు పదేళ్లప్పుడు ఓసారి మా వంతు రాత్రి రెండింటి నుంచి నాలుగింటి దాకా వచ్చింది. నాన్న పార భుజాన వేసుకుని ముందు, లాంతరు పట్టుకుని వెనక నేను. లస్కరు వచ్చి తూము ఎత్తి, పై ఊరి వైపు వెళ్లిపోయాడు. నీళ్లు సన్నగా పాకుతూ బోదె నిండి, చేలోకి దిగాయి. నాలుగైంది. ఈశాన్యం మూల ఇంకా తడవలేదు, నెర్రెలు కనపడుతూనే ఉన్నాయి. లస్కరు ఇంకా తిరిగి రాలేదు. చూసేవాళ్లెవరూ లేరు.

నాన్న పారతో మట్టి తీసి, గడ్డి కలిపి మా మడవ మూసేశాడు. నీళ్లు కాసేపు తచ్చాడి కిందికి మళ్లాయి. కింది చేను గట్టు మీద దుప్పటి కప్పుకుని కూచున్నాయన లేచి నిలబడ్డాడు.

“మన మూల తడవలేదు నాన్నా,” అన్నాను.

“నాలుగైందిరా,” అన్నాడు నాన్న, లాంతరు నా చేతిలోంచి తీసుకుంటూ.