మిరియపు గింజంత బుధుడు

పాఠశాలల గోడలకు వ్రేలాడదీయు సౌరకుటుంబ పటమును చూచినప్పుడెల్ల నాకొక అసంతృప్తి కలుగును. అందు సూర్యుడు ఎడమ అంచున ఎఱ్ఱని అర్ధవలయమై నిలిచియుండగా, ఎనిమిది గ్రహములు పెండ్లి పంక్తిలో కూర్చున్న బంధువులవలె మోచేతులు తగులునంత దగ్గరగా వరుసదీరి యుండును. పటము వేసినవారిని తప్పుపట్టుటకు లేదు. గ్రహముల పరిమాణమును, వాని నడిమి దూరమును ఒకే కొలతలో ఒకే కాగితముపై చూపుట ఎవరి తరమును కాదు. కాని ఆ పటముతోడనే చదువు ముగించిన పిల్లవానికి ఎనిమిది పేర్లు కంఠస్థమగునే గాని, ఆ పేర్ల నడుమ పరచుకొనియున్న మహాశూన్యము, సౌరమండలములో అత్యధిక భాగమైన ఆ శూన్యము, మనసున కెక్కకయే పోవును. అందుచేత సౌరమండలమును కన్నులతో చదువుటకు ముందు కాళ్లతో చదువవలెనని నా మతము. ఆ మతమును కొంతకాలముగా నేను ఆచరణలో పెట్టుచున్న చోటు న్యూజిలాండు దేశపు ఆక్లాండు నగరములోని శాండ్రింగ్‌హామ్.

శాండ్రింగ్‌హామ్ రోడ్డు నెరిగిన తెలుగువారికి దానిని పరిచయము చేయనక్కరలేదు. ఎరుగనివారి కొరకు చెప్పవలెనన్న, కందిపప్పు మొదలు కరివేపాకు వరకు దొరకు భారతీయ కిరాణా దుకాణములును, పోపు వాసన వీధిలోనికి వచ్చు భోజనశాలలును గల పేట అది. నా బోధనకు వలసిన సామగ్రి యంతయు ఆ దుకాణములలోనే లభించును. మేము పెట్టుకొన్న కొలత మిక్కిలి సులభము: పది లక్షల కిలోమీటర్లకు ఒక మీటరు. ఆ లెక్కన సూర్యుడు సుమారు 1.4 మీటర్ల వెడల్పు గల వలయమగును. దానిని బియ్యపుపిండితో ముగ్గుగా వేయుదుము. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండిని పట్టి సన్నని ధారగా విడుచుట ఇచ్చట పుట్టిన పిల్లలకు తొలుత చేతగాదు; గీత ఒకచోట లావెక్కును, మరియొకచోట తెగిపోవును. ఒకరు నడుమ కూర్చుండి దారపు కొసను అదిమి పట్టుకొనగా, మరియొకరు రెండవ కొసతో చుట్టు తిరుగుచు పిండి విడిచినచో వలయము కుదురును.

అక్కడినుండి నడక. 58 మీటర్ల దూరమున ఒక మిరియపు గింజ, అది బుధుడు. 108 మీటర్ల కడ పెద్ద కాబూలీ శనగ, అది శుక్రుడు. 150 మీటర్ల కడ మరియొక శనగ, మన భూమి. దానికి మూరెడు లోపున, 38 సెంటీమీటర్ల దూరమున, చంద్రుడనబడు మెంతిగింజ. మానవుడు ఇంతవరకు తన దేహముతో ప్రయాణము చేసిన దూరమంతయు ఆ మూరెడులోనే యిమిడియున్నదని చెప్పినప్పుడు పిల్లలు వంగి ఆ రెండు గింజలను మరల చూతురు. 228 మీటర్లకు కుజుడు, ఎండు బఠాణీ. ఆ తరువాత లఘుగ్రహముల మేఖల. అందు పెద్దదైన సెరెస్, 1801లో పియాజీ కనుగొన్నది, ఒక గసగసాల గింజ. పిదప చేతిలో పంపరపనస పట్టుకొని చాలసేపు నడువవలెను. గురుగ్రహము 778 మీటర్లకు గాని రాదు. “తాతగారూ, ఇంకా ఎంత దూరం?” అని అప్పుడు ఎవరో ఒకరు అడుగక మానరు. ఆనాటి పాఠములో సారమంతయు ఆ ప్రశ్నలోనే యున్నది.

శని కొబ్బరికాయంత, దానికి అట్టతో కత్తిరించిన 28 సెంటీమీటర్ల వలయమును తొడుగుదుము. ఈడెన్ పార్కు క్రీడామైదానమును చేరకముందే, 1.4 కిలోమీటర్ల కడ, ఆయన స్థానము. అక్కడితో మా కాళ్ల శక్తియు, మన పూర్వుల గ్రహగణనయు ఒక్కమారే ముగియును. 1781లో విలియం హెర్షెల్ దూరదర్శినితో పట్టుకొన్న యురేనస్ నిమ్మకాయంతయై, ఇంచుమించు మౌంట్ ఈడెన్ శిఖరము వద్ద నుండును. లెవెర్యే గణితము చూపిన దిక్కున 1846లో గాలే వెదకి కనుగొన్న నెప్ట్యూన్ మరియొక నిమ్మకాయయై, నాలుగున్నర కిలోమీటర్లకు వన్ ట్రీ హిల్ ప్రాంతమున నుండును. ఆ కొండ పరిసరములలోనే 1967లో ప్రారంభమైన ఆక్లాండు వేధశాల యున్నది. నేడు స్టార్‌డోమ్ అను పేర వ్యవహరింపబడు ఆ చోట అర మీటరు అద్దము గల జైస్ దూరదర్శిని యున్నది. మా రోడ్డు మీది నెప్ట్యూన్‌కు ఇంతకంటె తగిన విడిది దొరకదు.

ఈ కొలతలో వెలుగు క్షణమునకు 30 సెంటీమీటర్లు మాత్రమే సాగును. పిండి ముగ్గు నుండి శనగగింజకు చేరుటకు దానికి ఎనిమిది నిమిషములకు పైగా పట్టును. తీరికగా నడచు మేమే వెలుగుకంటె నాలుగు రెట్లు వేగముగా పోవుచుందుము. మరి సూర్యుని విడిచి అత్యంత సమీపమైన నక్షత్రము ఎక్కడ నుంచవలెను? సుమారు 40,000 కిలోమీటర్ల దూరమున. అనగా శాండ్రింగ్‌హామ్‌లో బయలుదేరి భూగోళమును ఒక చుట్టు చుట్టి, మరల శాండ్రింగ్‌హామ్ చేరునంత దూరము.

ఆ నక్షత్రము చేరియున్న ఆల్ఫా సెంటారీ మండలము ఇచ్చటి ఆకాశమున త్రిశంకువు చెంత ప్రతిరాత్రియు ప్రకాశించుచునే యుండును. తెలుగుదేశమున పెరిగిన మా తరమువారికి ఈ ఆకాశము మొదట తబ్బిబ్బు కలిగించును. సూర్యుడు తూర్పున ఉదయించి, ఉత్తరముఖముగా నిలిచి చూచువానికి కుడినుండి ఎడమకు సాగి పడమట గ్రుంకును; గ్రహములదియు అదే త్రోవ. చందమామలోని కుందేలు తలక్రిందులుగా నుండును. చంద్రుడు తిరుగబడలేదు, చూచు మనమే భూగోళమునకు ఆవలి ప్రక్క నిలిచియున్నాము. దక్షిణ అక్షాంశము 37 డిగ్రీల చేరువనున్న ఆక్లాండులో ధ్రువనక్షత్రము ఎన్నడును కనరాదు. వసిష్ఠుని ప్రక్కనుండు అరుంధతియు దిగంతము దాటి పైకి రాదు. కావున ఇచ్చటి పెండ్లిలో పురోహితుడు వధూవరులకు అరుంధతిని చూపుట భావనామాత్రమే. ప్రతిగా అగస్త్యుడు దాదాపు అస్తమింపనే అస్తమింపడు. త్రిశంకువు ఎన్నడును అస్తమింపడు. మనకు కృత్తికలైన చుక్కల గుంపు ఈ దేశపు మూలవాసులైన మావోరీలకు మాతారికి. చలికాలపు తెల్లవారుజామున అది మరల పొడచూపుటతో వారి నూతన సంవత్సరము ఆరంభమగును. ఆ పండుగను 2022లో ఈ దేశము తొలిసారి ప్రభుత్వ సెలవుదినముగా పాటించినది.

నక్షత్రములు మారినను గ్రహములు మారలేదన్న సంగతియే ప్రవాసమున నాకు కలిగిన పెద్ద ఊరట. సాధారణమైన బైనాక్యులర్‌ను కంచె మీద కదలకుండ ఆనించి చూచినచో, 1610లో గెలీలియో కనుగొన్న గురుని నాలుగు చంద్రులు చిన్న చుక్కలై కనబడును. వాని స్థానములను పిల్లలు నోటుపుస్తకములో ప్రతిరాత్రి గుర్తించుచు పోయినచో, అయో రెండు దినములైన నిండకుండనే గురుని చుట్టివచ్చునని, గానిమీడ్‌కు వారము పట్టునని వారే తెలిసికొందురు. ఎవరో చెప్పగా విన్న నిజమునకును, తన పెన్సిలుతో చుక్కలు పెట్టి రాబట్టిన నిజమునకును గల తారతమ్యము అప్పుడు బోధపడును.

ఈ లెక్కలు మన యింట పూర్వమునుండి నలిగినవే. గోదావరికి 2015లో వచ్చిన పుష్కరము మరల 2027లో వచ్చుట గురుడు సూర్యుని చుట్టిరా పట్టు పండ్రెండేండ్ల లెక్కయే. ఏలినాటి శని ఏడున్నర యేండ్లగుటకు కారణము, సుమారు ముప్పది యేండ్లకు చుట్టు పూర్తిచేయు శని ఒక్కొక్క రాశిలో రెండున్నర యేండ్లుండుటయే. రాహుకేతువులు చంద్రుని త్రోవ సూర్యుని త్రోవను ఖండించు రెండు బిందువులు. ఆ త్రోవల నడిమి వాలు ఐదు డిగ్రీలుండుటచేతనే ప్రతి అమావాస్యకును గ్రహణము పట్టదు. ఫలితములను నమ్ముట, మానుట ఎవరి యిష్టము వారిది. లెక్క మాత్రము ఆకాశములోనిది.

లెక్కతో తృప్తిపడక కన్ను పెట్టి చూచినవారును మనలో కలరు. విశాఖపట్నమున గోడే వెంకట జగ్గారావు నెలకొల్పిన వేధశాలలో, 1874 డిసెంబరు 9న, శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా సాగిపోవుటను అంకితం వెంకట నరసింగరావు పరిశీలించెను. ఆనాడే న్యూజిలాండులోని క్వీన్స్‌టౌన్ వద్ద అమెరికా బృందము ఆ దృశ్యమునే ఛాయాచిత్రములు తీసెను. అంతకు నూరేండ్లకు పైగా ముందు, 1769 నవంబరు 9న, కుక్ నావికుని బృందము ఈ దేశపు తీరమున బుధసంక్రమణమును పరిశీలింపగా ఆ అఖాతమునకు మెర్క్యురీ బే యన్న పేరు నిలిచినది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో చూచెను. అప్పుడు సూర్యుని వెలుగులో కనబడిన పసుపు గీతయే తరువాత హీలియముగా తేలినది. రెండు దేశములను గూర్చి రెండు కథలు చెప్పనక్కరలేకుండ, ఒకే సౌరమండలపు పరిశీలన ఇరుచోట్లను కలిపినది.

ఇప్పుడు మన వంతు. 2028 జూలై 22, శనివారము సాయంసమయమున, సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ క్వీన్స్‌టౌన్, డునెడిన్ నగరముల మీదుగా సాగును. ఆక్లాండులో పాక్షిక గ్రహణమే కనబడును గాన ఇంట కూర్చుండి తృప్తిపడవలదు. దక్షిణ ద్వీపమున బస ముందుగానే కుదుర్చుకొనుడు. ఎక్స్‌రే ఫిల్ములను, నల్లకళ్లద్దములను నమ్మక, ప్రమాణము గల గ్రహణపు అద్దములనే కొనుడు. పిల్లలను తప్పక వెంట తీసికొనిపొండు.