విలియం ఎస్. హార్ట్ కౌబాయ్ చిత్రాలు: వాస్తవికత – పరిమితులు

వ్యాససంగ్రహం: అమెరికన్ మూకీ చిత్రాల నటుడు విలియం ఎస్. హార్ట్ (1864–1946) కౌబాయ్ చిత్రాలకు వాస్తవికతను తెచ్చినవారిగా ప్రసిద్ధులు. ఆ వాస్తవికత ఆహార్యం, పరిసరాలు, నటన వరకే పరిమితమైందనీ, ఇతివృత్త నిర్మాణంలో ఆయన నాటకరంగ సంప్రదాయాన్నే కొనసాగించారనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మూకీ సినిమా, కౌబాయ్ చిత్రాలు, వాస్తవికత, మెలోడ్రామా, విలియం ఎస్. హార్ట్.

1. ఉపోద్ఘాతం:

తాను చూపేదే నిజమైన జీవితమని ఒక కళాకారుడు ప్రకటించినప్పుడు, ఆ నిజం ఎవరిది, ఎంతవరకు అని ప్రశ్నించడం విమర్శ బాధ్యత. హార్ట్ తన చిత్రజీవితమంతటా ఈ ప్రకటనకు కట్టుబడి ఉన్నారు. ఆయనకు కీర్తి తెచ్చినదీ, తర్వాత ఆయనను ఒంటరిని చేసినదీ ఈ పట్టుదలే.

2. జీవితం – రంగస్థల నేపథ్యం:

హార్ట్ 1864 డిసెంబరు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూబర్గ్‌లో జన్మించారు. బాల్యంలో కొంతభాగం అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతంలో గడిచింది. అక్కడి సూ తెగవారితో తనకు పరిచయముండేదని 1929లో వెలువడిన ఆత్మకథ ‘మై లైఫ్ ఈస్ట్ అండ్ వెస్ట్’లో చెప్పుకున్నారు. అయితే ఆయన నటుడిగా రూపొందింది నాటకశాలలో. షేక్స్‌పియర్ పాత్రలు ధరించారు. 1899లో ‘బెన్‌హర్’ నాటకంలో మెస్సాలాగా, 1905లో ‘ది స్క్వా మ్యాన్’లో క్యాష్ హాకిన్స్‌గా పేరు పొందారు. నాటక ప్రదర్శనల కోసం ఊరూరా తిరిగే రోజుల్లో చూసిన ఒక కౌబాయ్ చిత్రంలోని వేషధారణ ఎంత అసంబద్ధంగా తోచిందో ఆత్మకథలో వివరించారు. 1914లో, నలభైతొమ్మిదేళ్ల వయసులో, నిర్మాత థామస్ ఇన్స్ వద్ద చిత్రరంగ ప్రవేశం చేశారు. చాలామంది నటులు విశ్రాంతి కోరుకునే వయసులో ఆయన కథానాయకుడయ్యారు.

3. పైరూపంలోని నిజం:

హార్ట్ చిత్రాల్లో దుమ్ము కనబడుతుంది. చొక్కాలు నలిగి ఉంటాయి. చెక్కలతో కట్టిన ఊళ్లు బోసిగా, ఎండలో మాడుతున్నట్లు ఉంటాయి. నటనలోనూ ఇదే పొదుపు. రంగస్థలం నుంచి వచ్చిన నటులు చేతులు విసురుతూ అభినయించే కాలంలో ఆయన ముఖాన్ని దాదాపు నిశ్చలంగా ఉంచి, చూపుతోనే భావాన్ని తెలిపారు. మాటలేని సినిమాకు ఈ నిగ్రహం గొప్ప బలమైంది. ఫ్రిట్జ్ అనే గుర్రం సైతం ఆయనతో సమానంగా ప్రేక్షకాదరణ పొందింది.

4. ఇతివృత్తంలోని నాటకీయత:

కథలోకి వెళ్లగానే ఈ పొదుపు మాయమవుతుంది. 1916 నాటి ‘హెల్స్ హింజెస్’ ఇందుకు మంచి ఉదాహరణ. బ్లేజ్ ట్రేసీ అనే తుపాకీ వీరుడు ఊరికి కొత్తగా వచ్చిన మతబోధకుణ్ని తరిమివేయడానికి సిద్ధపడతాడు. బోధకుని సోదరి ఫెయిత్‌ను చూసిన క్షణంలోనే మారిపోతాడు. బోధకుడు మాత్రం ప్రలోభానికి లోనై పతనమవుతాడు. చర్చి దగ్ధమైన తర్వాత బ్లేజ్ ఆ ఊరినే తగలబెడతాడు. స్వచ్ఛమైన స్త్రీ దర్శనంతో దుష్టుడు పరివర్తన చెందడం పందొమ్మిదో శతాబ్దపు మెలోడ్రామాకు అత్యంత పరిచితమైన సూత్రం. ‘మంచి మనసున్న చెడ్డవాడు’ అనే హార్ట్ పాత్ర ఈ సూత్రం నుంచే పుట్టింది. అయినా బోధకుడే బలహీనుడు కావడం, దహనదృశ్యాల్లోని భయంకర సౌందర్యం ఈ చిత్రాన్ని సూత్రానికి మించి నిలబెట్టాయి.

అదే ఏడాది వచ్చిన ‘ది ఆర్యన్’లో మరొక పరిమితి బయటపడుతుంది. తెల్లవారి మోసానికి గురై వారిని ద్వేషించే నాయకుడు, చివరకు ఒక తెల్ల యువతి అభ్యర్థనతో తన ‘జాతిధర్మాన్ని’ గుర్తుచేసుకుంటాడు. శ్వేతజాతి స్త్రీ రక్షణే ఇక్కడ నీతికి కొలమానం. జీనునూ, చొక్కానూ నిజాయితీగా చూపిన కెమెరా, మెక్సికన్లనూ మూలవాసులనూ చూపవలసి వచ్చినప్పుడు నాటి ముద్రలకే లొంగిపోయింది. వస్తువుల విషయంలో పాటించిన కచ్చితత్వం మనుషుల విషయంలో లోపించింది.

5. క్షీణదశ – ‘టంబుల్‌వీడ్స్’:

1920 దశకంలో టామ్ మిక్స్ చిత్రాలు ప్రేక్షకులను ఆకట్టుకున్నాయి. తళుకుల దుస్తులు, వేగం, గుర్రపు విన్యాసాలు, వినోదం ఆయన ప్రత్యేకతలు. హార్ట్ తన ధోరణి మార్చుకోలేదు. కథల ఎంపికపై స్టూడియోతో విభేదించి 1924లో పారామౌంట్‌కు దూరమయ్యారు. 1925లో వచ్చిన ‘టంబుల్‌వీడ్స్’ ఆయన చివరి చిత్రం.

ఓక్లహోమాలోని చెరోకీ స్ట్రిప్‌ను 1893లో నివాసాలకు తెరచినప్పుడు జరిగిన పరుగుపందెం ఇందులో ప్రధాన ఘట్టం. బండ్లు, గుర్రాలు మైదానాన్ని కమ్మివేసే దృశ్యం మూకీ యుగపు ఉత్తమ ఘట్టాల్లో ఒకటి. అంతకుముందు చివరి పశువుల మంద వెళ్లిపోతుంటే కౌబాయ్‌లు టోపీలు తీసి నిలబడతారు. ఇక్కడ హార్ట్ వాస్తవికత పరాకాష్ఠకు చేరింది. దాని అంచు కూడా ఇక్కడే కనబడుతుంది. ఆ నేల పశువుల కాపరులకు మేత భూమి కాకముందే చెరోకీ ప్రజలది. చిత్రం కౌబాయ్ కోల్పోయినదానికి కన్నీరు పెడుతుంది, చెరోకీలు కోల్పోయినదాన్ని దుఃఖంగా గుర్తించదు.

ఈ చిత్రాన్ని 1939లో మళ్లీ విడుదల చేసినప్పుడు హార్ట్ తెరమీద కనబడి ముందుమాట పలికారు. నిశ్శబ్ద నటుడిగా పేరొందిన ఆయన గొంతు అందులో గంభీరంగా, ఆర్ద్రంగా, ఆరోహణావరోహణలతో వినిపిస్తుంది. అది గుర్రపు స్వారీ చేసేవాని మాటతీరు కాదు, రంగస్థలం తీర్చిదిద్దిన వాచికం. మౌనం వెనుక ఇంతకాలం దాగిన నటుణ్ని ఆ కొద్ది నిమిషాలు బయటపెట్టాయి.

6. ముగింపు:

హార్ట్ అబద్ధమాడారనడం అన్యాయం. ఆయన ప్రేమించిన పడమటి సీమ, బాల్యస్మృతీ నాటకశాలా కలిసి నిర్మించినది. ఆ ప్రేమ నిజమైనది కాబట్టే ఆహార్యంలో రాజీపడలేదు. ఆ ప్రేమ కొందరికే చెందినది కాబట్టి కథలో మిగిలినవారికి చోటు దక్కలేదు. కళలో వాస్తవికతను అంచనా వేసేటప్పుడు వస్తువుల పట్ల చూపిన శ్రద్ధను మనుషుల పట్ల చూపిన న్యాయంగా పొరబడకూడదని హార్ట్ చిత్రాలు స్పష్టం చేస్తున్నాయి.