అక్టోబరు పని

అమెరికాలో సియాటిల్ దగ్గరి మా బాతెల్‌లో ప్లమ్, చెర్రీ పూతకొచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో ముసురు వదలదు. తేనెటీగలు పెట్టె దాటడానికి వెనకాడే ఆ చలిలో, 12, 13 డిగ్రీలుంటే చాలు, తేనెటీగకు చుట్టమైన మేసన్ బీ పనిలోకి దిగుతుంది. నీలి నలుపు మెరుపుతో చిన్నగా ఉంటుంది. తెలియనివాళ్లు ఈగ అనుకుంటారు.

దీనికి పట్టు లేదు, రాణి లేదు, తేనె లేదు. పుప్పొడిని పొట్ట కింది నూగులో పొడిపొడిగా మోస్తుంది కాబట్టి వాలిన ప్రతి పువ్వు మీదా కాస్త రాలుతుంది. కాయ బాగా కట్టేది అందుకే. ఎకరం ఆపిల్ తోటకు 250 ఆడవి చాలంటారు. కాస్కేడ్ కొండలకు అవతల వెనాచీ, యాకిమా తోటలకు మాత్రం ఇప్పటికీ తేనెటీగల పెట్టెలు లారీల్లోనే వస్తాయి. మన మామిడి పూత మీద ముసిరేవీ ఎక్కువగా ఈగలే కదా. కాయ కాయించేది తేనె ఇచ్చే పురుగొక్కటే కాదు.

ఎనిమిది మిల్లీమీటర్ల గొట్టంలో పుప్పొడి ముద్ద, దానిమీద ఒక గుడ్డు, ఆపైన మట్టి గోడ. ఇలా గదులు కట్టుకుంటూ వస్తుంది. లోపలి గదుల్లో ఆడపిల్లలు, వాకిలి దగ్గర మగపిల్లలు. చివరికి గుమ్మాన్నీ మట్టితో మెత్తేస్తుంది. పెరడంతా చెక్కపొట్టు పరిచేస్తే పాపం దానికి మట్టి ఎక్కడ దొరుకుతుంది? ఒక మూల తడి బంకమట్టి వదలాలి.

వీటికోసమని అంగళ్లలో అమ్మే ముద్దొచ్చే వెదురు ఇళ్లంటే నాకు కోపం. విప్పి శుభ్రం చేయడానికి వీల్లేనివి అవి. రెండేళ్లు అలాగే వేలాడితే పుప్పొడి పురుగులతో నిండిపోతాయి. యూరప్ నుంచి వచ్చిన హుడినీ ఈగ తల్లి లేనప్పుడు దూరి గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు పుప్పొడంతా తినేస్తే అసలు పిల్ల ఆకలితో చస్తుంది. గొట్టం విప్పితే సన్న సేమ్యాలాంటి రెట్ట కనిపించిందా, అది వాటి పనే.

అందుకే అక్టోబరులో కాగితపు గొట్టాలు విప్పుతాను. లోపలి పిల్లలు చుట్టూ అల్లుకున్న గూళ్లను చన్నీళ్లలో వేస్తే మట్టి కరిగి అడుగుకు చేరుతుంది, మంచి గూళ్లు తేలతాయి. తువ్వాలు మీద ఆరబెట్టి, తేమ ఆరిపోకుండా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన వసంతం దాకా దాస్తాను. అంత ఓపిక లేనివాళ్లకు బాతెల్‌లోనే రెంట్ మేసన్ బీస్ అనే సంస్థ ఉంది. వసంతంలో గూళ్లు అద్దెకిచ్చి, తర్వాత వెనక్కి తీసుకుని, వాళ్లే శుభ్రం చేస్తారు. ఆ రెండింటిలో ఏదీ కుదరదనుకుంటే దయచేసి మేసన్ బీ ఇల్లు తగిలించకండి. ఒక ప్లమ్ మొక్క నాటి, పూత మీద మందు కొట్టకుండా ఉంటే ఈ చుట్టుపక్కల పురుగులకు అంతకన్నా ఎక్కువ మేలు.