ఇసుక వేదిక

రంగస్థలమును మట్టితో కప్పిన నర్తకి పీనా బౌష్. స్ట్రావిన్‌స్కీ సంగీతమునకు 1975లో జర్మనీలోని వుప్పర్‌టాల్‌లో ఆమె కూర్చిన ‘ది రైట్ ఆఫ్ స్ప్రింగ్’లో, వసంతాగమనమునకై బలిగా ఎన్నుకొనబడిన కన్య మరణించువరకు నర్తింపవలెను, ఆ కథకు నున్నని చెక్కపలకలు చాలవని తలచి, పాదము దిగబడునట్లును, చెమట పట్టిన మేనికి ధూళి అంటునట్లును, అలసట అభినయముగాక నిజమగునట్లును, ఆమె వేదికనిండ మట్టి పరపించినది.

ఆ నృత్యమునే ఆఫ్రికాలోని 14 దేశములనుండి వచ్చిన 38 మంది నర్తకులు, సెనెగల్‌లో జెర్మేన్ అకోన్యి స్థాపించిన ‘ఎకోల్ దె సాబ్ల్’ నృత్యవిద్యాలయమున అభ్యసించి, 2020లో డకార్ నగరమున ప్రదర్శింపబోవు తరుణమున మహమ్మారి విరుచుకొనిపడి సభలు నిలిచిపోగా, ఇండ్లకు మరలుటకు ముందు తుబాబ్ దియలావ్ సముద్రతీరమున సంధ్యవేళ ఆడిరి. ఫ్లోరియన్ హైన్‌ట్సెన్-ట్సియోబ్ దానిని ‘డాన్సింగ్ ఎట్ డస్క్’ అను చిత్రముగ తీసెను.

ఇందు నన్ను ఆకర్షించినది కెమెరా వినయము. 1945లో మాయా డెరెన్ తీసిన చిత్రమున అడవిలో ఎత్తిన నర్తకుని పాదము గదిలో దిగును. అచట కూర్పరి కత్తెరయు నర్తించును. అది వేరొక విద్య, దానియందు నాకు గౌరవమే. కాని ఆ విపత్కాలమున నిర్జనస్థలములలో తీసిన చిత్రములు పెక్కింట కెమెరా నర్తకునిచుట్టు గిరగిర తిరిగి, శూన్యతను అలంకారముగ వాడుకొని, అడుగు ఎచట పడినదో తెలియనీయలేదు. ఇచట అట్లుగాక, గుంపు కదలికలోని బరువును, ఎఱ్ఱని వస్త్రము తొడిగిన కన్య ఒడలి అలసటను, క్రుంగు వెలుతురుతోపాటు నెమ్మదిగ చూడనిచ్చినారు. (వీథిలో నేలపైనే రాత్రియెల్ల ఆడిన మన కూచిపూడి భాగవతులకు ఇట్టి వేదిక క్రొత్తగాదు, చూచువారు లేకుండుటయే క్రొత్త.)

సామాజికుడు లేనిదే రసము లేదని శాస్త్రజ్ఞులు ఆక్షేపింతురు. తోసివేయదగిన ఆక్షేపణ కాదది. అయితే ఈ కథలో కన్య నర్తించుచుండగా నిలిచి చూచు జనసమూహము నర్తకులలోనే కలదు. వారి చూపులు చాలినంత క్రూరముగను ఉన్నవి, కావున ప్రేక్షకస్థానము రిక్తము కాలేదు. ఈ సౌకర్యము ప్రతి నృత్యమునకు లభింపదు. ఖాళీ నాటకశాలలో ఒంటరిగ ఆడినవారి చిత్రములనేకము తేలిపోవుటకు ఇదియే కారణమని నా అభిప్రాయము.

ఈ బృందము నిండుసభ యెదుట ఆడుట 2021లో గాని జరుగలేదు.